మూతపడ్డాక మొదలైన గిరాకీ

స్కాచ్ విస్కీ వ్యాపారంలో ఒకప్పుడు అన్నిటికన్నా పెద్ద సంస్థ డిస్టిల్లర్స్ కంపెనీ లిమిటెడ్. పొట్టిగా డీసీఎల్. 1983లో అది స్కాట్లాండ్‌లోని తన మాల్ట్ డిస్టిలరీల్లో, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీతో విస్కీ కాచే చోట్లలో, 11 మూసేసింది. పోర్ట్ ఎలెన్, బ్రోరా, సెయింట్ మాగ్డలీన్, బాంఫ్, డల్లాస్ ధూ, నార్త్ పోర్ట్, గ్లెన్ ఆల్బిన్, గ్లెన్ మోర్, గ్లెన్‌లోకీ, బెన్‌రోమాక్, నాక్‌డూ. ఉద్యోగాలు పోయినవాళ్లు, ఆ ఊళ్లవాళ్లు తప్ప ఈ పేర్ల కోసం బాధపడ్డవాళ్లు అప్పట్లో పెద్దగా లేరు. విస్కీ తాగేవాళ్లలోనే చాలామంది వీటి పేర్లు వినలేదు. ఇప్పుడు ఆ జాబితాలోని పోర్ట్ ఎలెన్, బ్రోరా సీసాలు వేలానికి వస్తే ఒక్కొక్కటి లక్షల రూపాయలు పలుకుతోంది.

దీనికి మామూలుగా చెప్పే కథ ఒకటుంది. గొప్ప విస్కీని తెలివితక్కువ యాజమాన్యం చేజేతులా పోగొట్టుకుందని, లోకం దాని విలువ ఆలస్యంగా తెలుసుకుందని. వినడానికి బాగుంటుంది, సీసాలు అమ్మడానికి ఇంకా బాగా పనికొస్తుంది. కానీ జరిగింది అంత సూటిగా లేదు. రుచి బాగాలేదని వీటిని ఎవరూ మూయలేదు. తర్వాత వచ్చిన పేరు కూడా ఒక్క రుచితోనే రాలేదు. మూసిన రోజున గోదాముల్లో ఎన్ని పీపాలు మిగిలాయి, వాటిని బ్లెండింగులో, అంటే రకరకాల విస్కీలు కలిపి ఒక బ్రాండు చెయ్యడంలో, వాడెయ్యకుండా ఎన్నాళ్లు వదిలేశారు అన్నదాన్ని బట్టే చాలావరకు ఏ పేరు నిలిచిందో, ఏ పేరు మాసిపోయిందో తేలింది.

విస్కీ వ్యాపారంలో ఉన్న చిక్కంతా కాలంతోనే. చట్టం ప్రకారం స్కాచ్ అనిపించుకోవాలంటే స్కాట్లాండ్‌లోనే ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు ఉండాలి. మంచి బ్లెండ్లకు 8 ఏళ్లు, 12 ఏళ్లు నిలవున్న సరుకు కావాలి. అంటే ఇవాళ ఎంత కాయాలన్నది పదేళ్ల తర్వాత జనం ఎంత తాగుతారన్న ఊహ మీద నిర్ణయించాలి. 1960లలో అమెరికాలో, యూరప్‌లో స్కాచ్ అమ్మకాలు ఏటా పెరుగుతుంటే ఈ పెరుగుదల ఆగదనుకుని కంపెనీలు కొత్త డిస్టిలరీలు కట్టాయి, పాతవాటిలో బట్టీలు పెంచాయి. 1973లో చమురు ధరలు పేలాయి. 1979లో ఇంకోసారి. మాంద్యం వచ్చింది. కుర్రకారు వోడ్కా, వైట్ రమ్ వైపు మళ్లారు. గోదాముల్లో మాత్రం మంచి రోజుల్లో కాచిన సరుకంతా పేరుకుపోయి ఉంది. ఆ మిగులుకి వ్యాపారంలో పెట్టిన పేరు ‘విస్కీ సరస్సు’. సరస్సు నిండిపోయినప్పుడు చేసేది ఒక్కటే, పైనుంచి వచ్చే కాలవలు కట్టెయ్యడం. 1983లో అలా కట్టేసినవి ఆ 11. 1985లో కోల్‌బర్న్, కన్వల్‌మోర్, మిల్‌బర్న్, గ్లెన్‌యూరీ రాయల్ లాంటివి ఇంకొన్ని.

ఇలాంటి దెబ్బ స్కాచ్‌కి అది మొదటిసారేం కాదు. 1890లలో లీత్ రేవు కేంద్రంగా ప్యాటిసన్ అన్నదమ్ములు అప్పు మీద అప్పు చేసి విస్కీ సామ్రాజ్యం కట్టారు. ప్రచారం కోసం తమ విస్కీ కొనమని పలికే 500 చిలకల్ని పబ్బులకు పంచారని ప్రసిద్ధి. 1898 డిసెంబరులో దివాలా తీశారు, లెక్కల్లో మోసం బయటపడి 1901లో ఇద్దరూ జైలుకెళ్లారు. ఆ కూలిపోవడంలో వాళ్లని నమ్ముకున్న డిస్టిలరీలు ఎన్నో దెబ్బతిన్నాయి. తర్వాత మొదటి ప్రపంచయుద్ధం, అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం. ఈ దెబ్బలకు అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయిన ఊరు క్యాంబెల్‌టౌన్. 1880లలో ఆల్ఫ్రెడ్ బర్నార్డ్ అనే పాత్రికేయుడు అక్కడికి వెళ్లినప్పుడు ఆ ఒక్క చిన్న రేవు పట్టణంలో 21 డిస్టిలరీలు నడుస్తున్నాయి. 1930ల మధ్యకొచ్చేసరికి స్ప్రింగ్‌బ్యాంక్, గ్లెన్ స్కోషియా అనే రెండే మిగిలాయి. ఆ పోయిన పందొమ్మిదింటి పాత సరుకు ఇవాళ వేలం పాటల్లో దాదాపు కనిపించదు. దాచిన పీపాలు లేవు, కాబట్టి పురాణమూ లేదు. 1983 జాబితాకీ, క్యాంబెల్‌టౌన్ జాబితాకీ ఉన్న అసలు తేడా ఇదే.

మరి డీసీఎల్ ఏది ఉంచాలి, ఏది మూయాలి అని ఎలా తేల్చింది? పోర్ట్ ఎలెన్ సంగతి చూడండి. ఇది ఐలా దీవిలో సముద్రపు ఒడ్డున 1825లో మొదలైంది. పీట్ అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా కుళ్లి గడ్డకట్టిన మొక్కల పొర. దాన్ని కోసి ఎండబెట్టి, ఆ మంట పొగలో బార్లీని ఆరబెడితే ఐలా విస్కీకి ఆ పొగ వాసన వస్తుంది. 1980లలో ఆ దీవిలో డీసీఎల్‌కి మూడు డిస్టిలరీలున్నాయి. లాగవూలిన్‌కి సొంతంగా పేరుంది. కూల్ ఈలా అప్పటికి పదేళ్ల క్రితమే పూర్తిగా కూల్చి కట్టింది, 6 బట్టీలతో బ్లెండర్లకు కావలసినంత పొగ విస్కీ ఇవ్వగలదు. మిగిలింది పోర్ట్ ఎలెన్. మూడో దాని అవసరం లేదనిపించింది. దాని పక్కనే 1973లో కట్టిన మాల్టింగ్ కర్మాగారాన్ని మాత్రం ఉంచారు, దీవిలోని ఇతర డిస్టిలరీలకు అది ఏళ్లతరబడి మాల్ట్ సరఫరా చేసింది. ఇంకో సంగతి కూడా ఉంది. పోర్ట్ ఎలెన్ 1930 ప్రాంతంలో మూతపడి మళ్లీ 1967లోనే తెరుచుకుంది. అంటే ఇవాళ జనం ఆరాధించే పోర్ట్ ఎలెన్ అంతా కేవలం 16 ఏళ్లలో కాచిన సరుకు.

బ్రోరా కథ ఇంకా విచిత్రం. ఉత్తర స్కాట్లాండ్ తీరంలో సదర్లాండ్ ఎస్టేటు యజమానులు లోయల్లోని కౌలురైతులను ఖాళీ చేయించి, ఆ భూముల్ని గొర్రెల పెంపకానికిచ్చి, వాళ్లను సముద్రపు ఒడ్డుకి తోలారు. స్కాట్లాండ్ చరిత్రలో ఇప్పటికీ మానని గాయం అది. అలా తోలిన రైతులు పండించే బార్లీ కొనడానికి 1819లో అక్కడ పెట్టిన డిస్టిలరీ పేరు క్లైన్‌లిష్. 1960ల చివర్లో పక్కనే అదే పేరుతో కొత్త డిస్టిలరీ కట్టి పాతదాన్ని మూశారు. అంతలోనే బ్లెండర్లకు ఐలా తరహా పొగ విస్కీ కొరత వచ్చింది. దాంతో 1969లో పాతదాన్ని బ్రోరా అనే పేరుతో తెరిచి కొన్నేళ్లపాటు బాగా పొగ పట్టిన మాల్ట్‌తో కాచారు. కూల్ ఈలా కొత్త బట్టీలు నడవడం మొదలయ్యాక ఆ అవసరం తీరింది, పొగ తగ్గింది, 1983లో తలుపులు మూసుకున్నాయి. ఇవాళ అభిమానులు ప్రాణంపెట్టే 1972 బ్రోరా, ఎక్కడో ఐలా దీవిలో సరుకు చాలక తాత్కాలికంగా చేసిన ఏర్పాటు. ఎవరి కళాఖండమూ కాదు. అయినా రుచి అద్భుతమని తాగినవాళ్లు దాదాపు ఏకగ్రీవంగా చెప్తారు. ఒక బ్లెండింగ్ విభాగం సర్దుబాటు ఇంత మంచి విస్కీ కావడం నవ్వు తెప్పించే విషయమే.

రోజ్‌బ్యాంక్ దగ్గర ఇంకొంచెం ఆగాలి. ఎందుకంటే దీన్ని మూసింది విస్కీ సరస్సు రోజుల్లో కాదు, సింగిల్ మాల్ట్‌కి, అంటే ఒకే డిస్టిలరీలో కాచిన మాల్ట్ విస్కీకి, మంచి రోజులు మొదలయ్యాక. ఫాల్‌కిర్క్ పట్టణంలో ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువ పక్కన 1840లో జేమ్స్ ర్యాంకిన్ దీన్ని పెట్టాడు. ఇక్కడ రెండుసార్లకు బదులు మూడుసార్లు కాచేవారు. ఆవిరిని చల్లార్చడానికి నీళ్ల తొట్టిలో చుట్లు చుట్టిన రాగి గొట్టం ఉండేది. మూడుసార్లు కాస్తే సరుకు తేలికవుతుంది, ఆ పాతకాలపు గొట్టం మళ్లీ కొంచెం బరువు తెస్తుంది. ఈ రెండూ కలిసిన పూల వాసనల విస్కీకి దక్షిణ స్కాట్లాండ్‌లోని లోలాండ్ ప్రాంతపు రాజు అని పేరు. డీసీఎల్‌ని బీరు సంస్థ గిన్నెస్ 1986లో కొనేసింది. 1988లో కొత్త యాజమాన్యం ప్రాంతానికొకటి చొప్పున ఆరు సింగిల్ మాల్ట్‌లను ‘క్లాసిక్ మాల్ట్స్’ పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. లోలాండ్ తరఫున రోజ్‌బ్యాంక్ బదులు గ్లెన్‌కించీని ఎంచుకుంది. గ్లెన్‌కించీ ఎడిన్‌బరాకి దగ్గర, పచ్చని పొలాల మధ్య ఉంటుంది. పర్యాటకుల్ని తీసుకెళ్లడానికి బాగుంటుంది. రోజ్‌బ్యాంక్ ఇరుకు రోడ్లకీ మురికి పట్టిన కాలువకీ మధ్య ఇరుక్కుని ఉంది. పైగా యూరప్ నిబంధనల ప్రకారం వ్యర్థజలాల శుద్ధికి సుమారు 20 లక్షల పౌండ్లు పెట్టాలని తేలింది. 1993 జూన్ 30న మూసేశారు. పక్క కాలువని తర్వాత కొన్నేళ్లకే కోట్ల పౌండ్లతో బాగుచేసి, పడవల్ని ఎత్తి దింపే ఫాల్‌కిర్క్ వీల్‌ని 2002లో అదే పట్టణంలో తెరిచారు. ఒక్క పదేళ్లు ఓపిక పట్టి ఉంటే పర్యాటకులు రోజ్‌బ్యాంక్ గుమ్మం ముందుకే వచ్చేవారు. ఖాళీగా పడున్న డిస్టిలరీ నుంచి 2008 క్రిస్మస్ రోజుల్లో దొంగలు రాగి బట్టీల్ని కూడా ఎత్తుకెళ్లారు.

సరే, మూసేశారు. పీపాలేమయ్యాయి? ఇక్కడే స్కాచ్ వ్యాపారపు పాత అలవాటు ఒకటి పనికొచ్చింది. బ్లెండ్ తయారు చెయ్యాలంటే పది, ఇరవై, ముప్ఫై రకాల మాల్ట్‌లు కావాలి. అన్నీ ఒక్క కంపెనీ దగ్గర ఉండవు. అందుకే కంపెనీలు ఒకరి పీపాలు ఒకరు మార్చుకునేవి, మధ్యలో దళారులు ఉండేవారు. అలా తిరిగిన పీపాల్లో కొన్ని స్వతంత్ర బాటిలర్ల చేతికి వచ్చేవి. వీళ్లకు సొంత డిస్టిలరీ అక్కర్లేదు. పీపా కొని, తమ లేబుల్ మీద డిస్టిలరీ పేరు వేసి అమ్ముతారు. ఎల్గిన్ పట్టణంలో 1895లో కిరాణా దుకాణంగా మొదలైన గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్, 1842 నాటి కేడెన్‌హెడ్, 1988లో పెట్టిన సిగ్నేటరీ వీటిలో ముఖ్యమైనవి. చాలా మూతపడ్డ డిస్టిలరీలకు సొంత కంపెనీ ఒక్క సీసా కూడా సింగిల్ మాల్ట్‌గా అమ్మలేదు, అమ్మినా అరకొరగా. వాటి రుచి ఎలా ఉండేదో ఇవాళ తెలుస్తోందంటే ఈ దుకాణదారుల పుణ్యమే.

సొంతదారులకు బుద్ధి వచ్చింది 1995లో. గిన్నెస్ కింద ఉన్న యునైటెడ్ డిస్టిల్లర్స్ ‘రేర్ మాల్ట్స్’ అనే పేరుతో మూతపడ్డవీ, అంతగా తెలియనివీ నీళ్లు కలపకుండా పీపాలోని బలంతోనే బాటిల్ చేసింది. 1972 బ్రోరా, 1979 సెయింట్ మాగ్డలీన్ ఆ వరసలో వచ్చాయి. అప్పట్లో అవి ఎగబడి కొన్న సరుకేం కాదు, దుకాణాల అరల్లో ఏళ్లతరబడి కూర్చున్నాయి. 2001లో గిన్నెస్ వారసురాలైన డియాజియో సంస్థ పోర్ట్ ఎలెన్‌ని ఏటా ఒక విడతగా విడుదల చేయడం మొదలుపెట్టింది. మొదటి విడతలో 6,000 సీసాలు, ఒక్కొక్కటి నూరు పౌండ్ల పైచిలుకు. 2016 విడతకు సీసాల సంఖ్య సగానికి పడిపోయింది, ధర 2,500 పౌండ్లయింది.

సీసాలు తగ్గడం సహజం. పీపాలోంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. 250 లీటర్ల పీపా నింపి 35 ఏళ్లు ఉంచితే సగం కూడా మిగలదు, 700 మిల్లీలీటర్ల సీసాలు 175 దాకా వస్తాయి. నీటికన్నా ఆల్కహాలే ఎక్కువగా పోతుంది కాబట్టి బలమూ పడిపోతుంది. 40 శాతానికి కిందికి దిగితే చట్టప్రకారం అది స్కాచ్ అని అమ్మడానికే వీల్లేదు. కాబట్టి మూతపడ్డ డిస్టిలరీ పీపాల్ని ఎప్పటికీ దాచుకోవడం కుదరదు. సీసాలోకి మారాక ఆవిరి ఆగుతుంది, వయసు పెరగడమూ ఆగుతుంది. 1979లో కాచి 2001లో సీసాలో పోసింది ఇవాళ్టికీ 22 ఏళ్ల విస్కీయే.

దొరక్కపోవడం, రుచి రెండూ వేర్వేరు అని తేల్చే ఉదాహరణలు కూడా ఉన్నాయి. లేడీబర్న్ అనేది గర్వన్‌లో ఇతర ధాన్యాలతో విస్కీ కాచే పెద్ద గ్రెయిన్ డిస్టిలరీ ఆవరణలో 1966 నుంచి 1975 వరకే నడిచింది. కిన్‌క్లెయిత్ గ్లాస్గోలో అలాంటిదే, అదీ 1975లోనే పోయింది. వీటి సీసాలు పోర్ట్ ఎలెన్‌కన్నా అరుదు. అయినా రుచి గురించి కలలుగనేవాళ్లు తక్కువ, సేకరణలో ఖాళీ పూరించుకోవడానికే ఎక్కువమంది కొంటారు. అన్నిటికీ పరాకాష్ఠ మాల్ట్ మిల్. లాఫ్రోయిగ్ అమ్మకపు హక్కులు చేజారిన కోపంతో పీటర్ మాకీ అలాంటి విస్కీయే తానూ తీస్తానని లాగవూలిన్ ఆవరణలోనే 1908లో కట్టించిన చిన్న డిస్టిలరీ ఇది. 1962 దాకా నడిచింది. సింగిల్ మాల్ట్‌గా దాని సీసా ఒక్కటీ బయటపడలేదు. తాగడానికి చుక్క దొరక్కపోయినా విస్కీ ప్రియుల నోట్లో దాని పేరు నానుతూనే ఉంది.

ఇంత డబ్బు తిరిగే చోట దొంగ సరుకు రాకుండా ఉంటుందా? 2018లో స్కాట్లాండ్‌లోని ఒక విశ్వవిద్యాలయ పరిశోధనా కేంద్రం వేలం సంస్థల దగ్గర, దుకాణాల దగ్గర, సేకర్తల దగ్గర తీసుకున్న 55 అరుదైన సీసాలను పరీక్షిస్తే 21 నకిలీవని తేలింది. పరీక్ష పద్ధతి ఆసక్తికరంగా ఉంటుంది. 1950లు, 60లలో జరిగిన అణుపరీక్షల వల్ల గాలిలో ఒక రకం కార్బన్ ఒక్కసారిగా పెరిగింది. ఆ గాలి పీల్చి పెరిగిన బార్లీలో, దాంతో కాచిన విస్కీలో ఆ గుర్తు ఉండిపోతుంది. 19వ శతాబ్దపు సీసా అని చెప్పినదాంట్లో ఆ గుర్తు కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు. 1970ల సరుకు దగ్గర మాత్రం మోసం కొంచెం సూక్ష్మం. అసలు ఖాళీ సీసాలో సాధారణ విస్కీ నింపి మూత బిగిస్తారు. అందుకే ఖాళీ సీసాలకు కూడా ఆన్‌లైన్‌లో కొనుగోలుదారులుంటారు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దుకాణంలో ఇవి దొరుకుతాయా అంటే, ఆశ పెట్టుకోకపోవడం మంచిది. సీసాల లెక్కన 2024లో భారతదేశం స్కాచ్‌కి ప్రపంచంలోనే అతిపెద్ద మార్కెట్. వచ్చేది మాత్రం ఎక్కువగా బ్లెండెడ్, అందులోనూ చాలాభాగం పీపాలకొద్దీ వచ్చి ఇక్కడ సీసాల్లోకి ఎక్కేది, లేదా ఇక్కడి విస్కీల్లో కలిసేది. 150 శాతం దిగుమతి సుంకాన్ని 2025 జులైలో బ్రిటన్‌తో సంతకాలైన ఒప్పందం ప్రకారం మొదట 75కి, పదేళ్లలో 40కి తగ్గించాలి. దానివల్ల మామూలు స్కాచ్ ధర కొంత దిగొచ్చు. మూతపడ్డ డిస్టిలరీల సీసాలకు ధర పెట్టేది సుంకం కాదు, వేలం పాట.

ఆ ధరలు చూశాకే కంపెనీలకు పునరుద్ధరణ మీద ప్రేమ పుట్టింది. 2017 అక్టోబరులో డియాజియో 3.5 కోట్ల పౌండ్లతో పోర్ట్ ఎలెన్‌ని, బ్రోరాని మళ్లీ తెరుస్తామని ప్రకటించింది. అదే నెలలో ఇయన్ మెక్‌లాయిడ్ సంస్థ రోజ్‌బ్యాంక్‌ని తీసుకుంది. బ్రోరా 2021 మేలో మొదలైంది. రోజ్‌బ్యాంక్‌లో 2023లో మొదటి పీపా నింపారు. పోర్ట్ ఎలెన్ 2024 మార్చిలో తెరుచుకుంది. తెరిచిన సందర్భంగా వచ్చిన పాత సరుకు ధరలు వింటే కళ్లు తిరుగుతాయి. బ్రోరా మూడు సీసాల పెట్టె 30,000 పౌండ్లు, పోర్ట్ ఎలెన్ రెండు సీసాల జత 45,000 పౌండ్లు.

పాత రుచి తిరిగొస్తుందా అన్నది వేరే ప్రశ్న. బ్రోరాలో పాత బట్టీలు అక్కడే ఉండిపోయాయి, వాటినే బాగుచేసి వాడుతున్నారు. పోర్ట్ ఎలెన్‌లో, రోజ్‌బ్యాంక్‌లో పాతవాటి ఆకారంలో కొత్తవి చేయించారు. బట్టీ ఆకారం ముఖ్యమే, కానీ రుచి అక్కడితో అయిపోదు. బ్రోరా పక్కనున్న క్లైన్‌లిష్ విస్కీలో మైనం లాంటి జిడ్డు ఒకటి దాని ప్రత్యేకత. అది మధ్యలో సరుకు నిలవుండే తొట్టిలో ఏళ్లతరబడి పేరుకున్న జిగురు నుంచి వస్తోందని, ఒకసారి శుభ్రంగా కడిగేసరికి ఆ గుణమే మాయమైందని అక్కడివాళ్లు చెప్తారు. 1972 నాటి ఈస్టు, బార్లీ రకాలు, మసి, మురికి అన్నీ డ్రాయింగుల్లో ఉండవు. కొత్త పోర్ట్ ఎలెన్ మంచి విస్కీ కావచ్చు. అది పాత పోర్ట్ ఎలెన్ కావాలని ఆశించడమే పొరపాటు.

తెరుచుకోనివాటి సంగతి క్లుప్తం. గ్లెన్ మోర్, గ్లెన్ ఆల్బిన్‌ల స్థలంలో ఇన్వర్నెస్‌లో షాపింగ్ సముదాయం వచ్చింది. సెయింట్ మాగ్డలీన్ అపార్టుమెంట్లయింది. డల్లాస్ ధూ మ్యూజియంగా మారింది. 1941లో జర్మన్ విమానం బాంబు వేసినా తట్టుకున్న బాంఫ్, 1983 నిర్ణయాన్ని తట్టుకోలేక నేలమట్టమైంది. తర్వాతెప్పుడో మూతపడ్డ కేపర్‌డోనిక్ అనే ఇంకో డిస్టిలరీ బట్టీల్లో రెండు బెల్జియం చేరి అక్కడ విస్కీ కాస్తున్నాయి. ఇదే కాలంలో ఐలాలోని ఆర్డ్‌బెగ్ కూడా 1981లో ఆగిపోయి, ఒకసారి తెరుచుకుని మళ్లీ మూతపడింది. 1997లో 70 లక్షల పౌండ్లకు గ్లెన్‌మోరంజీ సంస్థ కొనడంతో బతికిపోయింది. కొనేవాళ్లు దొరక్కపోయి ఉంటే అదీ ఇవాళ వేలం జాబితాలోనే ఉండేది, దాని ధర వంద రెట్లు ఉండేది.

ఇప్పుడు స్కాట్లాండ్‌లో 150కి పైగా డిస్టిలరీలున్నాయి. 2022 తర్వాత వేలం ధరలు దిగాయి, కొన్నిచోట్ల ఉత్పత్తి తగ్గిస్తున్నారు. మళ్లీ కొన్ని మూతపడే అవకాశం లేకపోలేదు. అయితే పీపాలు చేతులు మారే ఆ పాత ఏర్పాటు ఇప్పుడు సన్నబడుతోంది. డిస్టిలరీలు తమ పేరుతో బయటివాళ్లకు సరుకు ఇవ్వడానికి ఇష్టపడటం లేదు. శతాబ్దం పైగా ఇతరుల డిస్టిలరీల్లో పీపాలు నింపించుకున్న గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ 2024 నుంచి ఆ పని మానేస్తున్నట్లు ప్రకటించింది. కొత్త చిన్న డిస్టిలరీలు మొదటి రోజు నుంచే పీపాల్ని లెక్కపెట్టి, ముందే అమ్మి, మూడేళ్లకే సీసాల్లో పోస్తున్నాయి. వాటిలో ఏదైనా మూతపడితే ముప్ఫై ఏళ్లు ఎవరూ పట్టించుకోకుండా వదిలేసిన పీపా ఒక్కటీ గోదాములో దొరకకపోవచ్చు.